ఆఖరి కోత దాకా ఆగే జయరామయ్య

జయరామయ్య ఏ సంగతీ ఒక్కసారి చూసి తేల్చి చెప్పేవాడు కాదు. తిరుపతి దగ్గర ఒక కూరగాయల పరిశోధన క్షేత్రానికి ఆయన అధికారి. వంకాయ, బెండ, టమాటా ఒక్కసారి కోస్తే అయిపోయే పంటలు కావు. కాస్తూనే ఉంటాయి, కోస్తూనే ఉండాలి. వాటితో వేగి వేగి ఆయనకు లోకమంతా అట్లాగే కనబడసాగింది. ఏమడిగినా ఒకటే జవాబు.

"ఒక్క కోతకే ఏం తెలుస్తాదప్పా?"

పెళ్లయిన కొత్తలో భార్య ప్రసూనాంబ సాంబారు ఎట్లా ఉందని అడిగితే, ఇంకా కొన్నాళ్లు తిన్నాక చెప్తానన్నాడట. అంతకుముందు పెళ్లిచూపులకే ఆయన ఎన్నిసార్లు వచ్చాడంటే, వస్తున్నది పిల్ల కోసమా, ఉప్మా కోసమా అని మామగారికి అనుమానం వచ్చిందని ఆమె నవ్వుతూ చెప్పేది. సినిమా బాగుందో లేదో చెప్పాలంటే మళ్లీ టికెట్టు కొనేవాడు. రెండోసారి చూశాక మొదటి అభిప్రాయం చెడిపోయేది. దాన్ని సరిచేసుకోవడానికి మూడోసారి వెళ్లేవాడు.

ఇట్లాంటి మనిషి చేతికింద పనిచేయడానికి సత్యవేడు నుంచి రామచంద్ర వచ్చాడు. వ్యవసాయ కళాశాలలో పట్టా పుచ్చుకున్నవాడే అయినా పొలంలో అడుగుపెట్టిన పూటే అతనికి తల తిరిగింది. వంకాయలో నాలుగు రకాలను పోల్చి ఏది మేలో తేల్చే పరీక్ష అది. ఒక్కో రకాన్ని ఒక్కో పక్క వేస్తే పోయేదానికి, జయరామయ్య పొలాన్ని బ్లాకులుగా కోసి, ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలకూ తలా ఒక మడి ఇచ్చి, ఏ మడిలో ఏది నాటాలో చీట్లు తీశాడు. కాలవ పక్క నేల చెమ్మగా ఉంటుందనీ, ఆ బలమంతా ఒకే రకానికి దక్కితే మిగతావాటికి అన్యాయమనీ ఆయన వాదన.

అంతటితో ఆగలేదు. మడి అంచుల్లో ఏపుగా పెరిగిన చెట్ల కాయలు తూకానికి పనికిరావన్నాడు, వాటికి ఎండా గాలీ ఎక్కువ అందుతాయని. పురుగు తొలిచిన కాయలను మాత్రం విడిగా తూయించాడు. నిగనిగలాడే కాయ లెక్కలోకి రాకుండా పోవడం, పుచ్చిన కాయ దర్జాగా తక్కెడ ఎక్కడం రామచంద్రకు ఎంతకీ కొరుకుడు పడలేదు.

మొదటి కోతలో పొడుగు రకం విరగకాసింది. గెలుపు తేలిపోయిందని రామచంద్ర సంబరపడుతూ వెళ్లి చెప్పాడు. జయరామయ్య పాత పాటే పాడాడు. తర్వాతి కోతల్లో పొడుగు రకం నీరసించి, ఎవరూ పట్టించుకోని గుండు రకం పుంజుకుంది. అది గెలిచిందనుకునేలోగా చారల రకం ముందుకొచ్చింది. కోతకోతకూ మనసు మార్చుకోలేక రామచంద్రకు చివరికి కలలోకి కూడా వంకాయలే వచ్చాయి.

ఆ పొలంలో ఇంకో కట్టుబాటు ఉండేది. ఒక బ్లాకు ఏ కూలీలకు అప్పగిస్తే, మొదటి కోత నుంచి ఆఖరి కోత దాకా అందులో వాళ్లే కోయాలి. చివరి బ్లాకు గంగులమ్మది. వయసు మళ్లిన మనిషి, నా అన్నవాళ్లు లేరు. ఒక కోత రోజు ఆమె వెళ్లిపోయాక రామచంద్ర ఆకులు ఎత్తి చూస్తే కోయకుండా వదిలేసిన కాయలు పసుపు పచ్చగా పండిపోయి వేలాడుతున్నాయి. ఆమె కళ్లకు శుక్లాలు వచ్చాయి. కాయ చేతికి తగిలితే కోస్తుంది, లేకపోతే లేదు.

ఇంకొకరిని పెడదామని రామచంద్ర చెప్పి చూశాడు. ఒక్క కోతకే ఎట్లా అంటావన్నాడు జయరామయ్య. మరో కోత అయ్యాక చెప్పాడు. మళ్లీ అదే మాట. ఇది పద్ధతో, పంతమో రామచంద్రకు అర్థం కాలేదు.

ఇంతలో చిత్తూరు నుంచి పైఅధికారి వరదయ్య తనిఖీకి వచ్చాడు. నేరుగా పోయి గంగులమ్మ బ్లాకులోనే నిలబడ్డాడు. పండిన కాయలు చూసి ముఖం చిట్లించి, ఈ ముసలామెను రేపటి నుంచి పనిలోకి రానివ్వొద్దన్నాడు. గంగులమ్మ గంప దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ తలవంచుకుంది.

జయరామయ్య గొంతు పెంచలేదు. "సార్, ఆయమ్మ కోసే బ్లాకులో నాలుగు రకాలూ ఉండాయి. ఇడిసిపెడితే నాలుగింట్లోనూ ఇడిసిపెడతాది. ఆ లోటు బ్లాకు మీద పడతాది గానీ ఒక రకం మీద పడదు. నడాన మనిషిని మారిస్తే కోత కోతకూ పొత్తు కుదరదు. అప్పుడు చెడేది పరీచ్చ."

వరదయ్యకు అది అర్థమైనట్టూ లేదు, కాలేదని ఒప్పుకునే ధైర్యమూ లేదు. సరే, ఈ పంట దాకా కానివ్వమని జీపెక్కాడు.

ఆఖరి కోత ముగిసింది. అన్ని కోతలూ కలిపి చూస్తే గుండు రకమే గెలిచింది. ఇక గంగులమ్మ సంగతేమిటో అడుగుదామని రామచంద్ర ఒక సాయంత్రం జయరామయ్య ఇంటికి వెళ్లాడు. వరండాలో కంటికి కట్టుతో గంగులమ్మే కూర్చుని ఉంది. ప్రసూనాంబ ఆమెకు రాగిసంగటి ముద్ద చేసి చేతికందిస్తోంది.

రామచంద్ర అయోమయంగా నిలబడిపోతే ప్రసూనాంబే చెప్పింది. "పైరు నాటేదానికి ముందే ఆయన ఈమెను ఆస్పత్రికి పిల్చుకోని పొయినాడు. పొర ముదరాల, అప్పుడే కోసేదన్నారంట డాక్టర్లు. అందాకా ఈమె యాడ బతకాల? కలుపుకు పోతే పైరు పెరికేస్తా ఉందని అందరూ తరిమేసినారు."

రామచంద్ర గుమ్మంలో నిలబడ్డ జయరామయ్య వైపు తిరిగాడు. "అయితే వరదయ్యగారికి మీరు చెప్పిన ఆ బ్లాకు లెక్క పరీక్ష కోసమా సార్, ఈమె కోసమా?"

"లెక్క నిజమే గదప్పా," అన్నాడాయన, దొంగతనం పట్టుబడినట్టు నేల చూస్తూ.

కొన్నాళ్లకు గంగులమ్మకు దళసరి కళ్లద్దాలు వచ్చాయి. ఆస్పత్రి మెట్ల మీద వాటిని పెట్టుకుని ఆమె ముందుగా జయరామయ్యను చూసింది. చాలాసేపు పైనుంచి కింది దాకా చూసింది. చేతులెత్తి మొక్కుతుందేమోనని రామచంద్ర అనుకున్నాడు.

"నాయనా, సొక్కా గుండీలు ఎచ్చుతక్కువ పెట్టుకోనుండావే," అంది గంగులమ్మ. "దినామూ ఇట్లే తిరగతావుండావా?"

జయరామయ్య కంగారుగా అన్నీ విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. ఈసారి కింద ఒక గుండీ మిగిలిపోయింది. గంగులమ్మ ఆయన చేతులు పక్కకు తోసి, పైనుంచి ఒక్కొక్కటీ తానే సరిగ్గా పెట్టింది.