మూడు కాపీలూ, ఒక తుడుపుగుడ్డా

ఆ రోజుల్లో, ఒక వస్తువును ఎంత ఎక్కువగా తుడిస్తే అది అంత ఎక్కువ కాలం బతుకుతుందని నాకు గట్టి నమ్మకం. తెలివితక్కువ పనులన్నీ అజాగ్రత్త వల్లే జరుగుతాయని లోకం అనుకుంటుంది. నాది అతిజాగ్రత్త వల్ల జరిగింది. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే, చదివేవాళ్లకు నా మీద కాస్త జాలి కలుగుతుందని ఆశ.

కిరండూల్లో పెరిగినవాడికి ఆ నమ్మకం ఉండటంలో వింతేమీ లేదు. విశాఖపట్నం నుంచి వచ్చే రైలు మా ఊళ్లో ఆగిపోతుంది. ఇంకా ముందుకు పోదామంటే ఇనుపకొండ అడ్డం. ఆ కొండను తవ్వి రైళ్లకెత్తగా మిగిలిన ఎర్రధూళి మా ఇళ్లకు వచ్చేది. మంచాల మీద, అన్నంగిన్నె మూత మీద, దేవుడి పటాల మీద, ఎక్కడ చూసినా అదే. తెల్లచొక్కా అనేది మా ఊళ్లో బట్ట కాదు, ఆశయం. అందుకని ప్రతి ఇంట్లో తలుపు వెనక మేకుకు ఒక తుడుపుగుడ్డ వేలాడేది (పుట్టుకతో అదీ తెల్లదే). చుట్టం గుమ్మంలోకి రాగానే ముందు కుర్చీకి గుడ్డ, తరవాతే చుట్టానికి మంచినీళ్లు.

నేను రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో ఒక డిజిటల్ కెమెరా సంపాదించాను. మా వీధికి అదే మొదటిది. ఆ ఏడే అక్క పెళ్లి కుదిరింది. నాన్న స్టూడియో అతన్ని మాట్లాడతానంటే వద్దన్నాను. కాగితం ఫొటోకి చెద పడుతుంది, ధూళి పడుతుంది, నా ఫొటోలకు చావన్నది లేదని ఉపన్యాసం ఇచ్చాను. నాన్న నమ్మాడు. కొడుకు ఉద్యోగంలో చేరిన కొత్తలో తండ్రులు కొన్నాళ్లపాటు ఏం చెప్పినా నమ్ముతారు.

పెళ్లయ్యాక ఫొటోలన్నీ ఆఫీసు కంప్యూటర్లో సీడీలకెక్కించి, కెమెరా ఖాళీ చేసేశాను. అమ్మ సీడీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇందలేటి ఫొటోలున్నాయిరా? నా మొకమే అగుపిస్తంది" అంది. నిజం చెప్పొద్దూ, ఆ సందేహం నాకూ ఉండేది. అంత పెళ్లి, అంతమంది జనం, అప్పడంలాంటి ఈ బిళ్లలో ఎక్కడ కూర్చున్నారా అని కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూసేవాణ్ని. ఇంద్రధనుస్సు కనిపించేది తప్ప, పెళ్లికొడుకు కనిపించేవాడు కాదు.

మొత్తం మూడు కాపీలు చేశాను. మూడూ మా బీరువాలోనే, ఒకదాని మీద ఒకటి పెడతానని ఆఫీసులో గొప్పగా చెప్పాను. మా బడే బాబు (అంటే హెడ్ గుమాస్తా, కొండగాఁవ్ మనిషి, మా తెలుగువాళ్ల మధ్య ముప్పై ఏళ్లు పనిచేసి తెలుగు పట్టుకున్నాడు) కళ్లజోడు తీశాడు. ఆయన ఏ కాగితాన్నైనా మూడు ప్రతులు తీసి, ఒకటి తన గదిలో, ఒకటి పై ఆఫీసులో, ఒకటి విశాఖపట్నంలో ఉండేలా చూసుకునే రకం. "తీన్ కాపీ ఒకటే అల్మారీలో పెడితే, బాబూ, అది తీన్ కాపీ కాదు. ఒకటే అల్మారీ" అన్నాడు. కంప్యూటర్ ముట్టుకోవడానికి జంకే మనిషి నాకు చెప్పడమేమిటని లోపల అనుకున్నా, పెద్దాయన మాట తీసెయ్యలేక మూడో కాపీని జగదల్‌పూర్‌లో ఉన్న బావకు పంపాను. దాంతోపాటు రెండు పేజీల నియమావళి కూడా. ఎండ తగలరాదు, వేలు పెట్టరాదు, ప్రతి ఆదివారం మెత్తటి గుడ్డతో రెండువైపులా గుండ్రంగా తుడవాలి, వగైరా.

నా నియమాలను నేను తూచా తప్పకుండా పాటించాను. రెండేళ్లపాటు ప్రతి ఆదివారం స్నానం చేసి, తలుపు వెనక గుడ్డ తీసి, రెండు సీడీలనూ తుడిచేవాణ్ని. పూజకైనా అంత శ్రద్ధ ఉండేది కాదు. తుడిచాక బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ని. మళ్లీ కంప్యూటర్లో వేసి చూడాలని మాత్రం ఒక్కసారీ తోచలేదు.

అప్పుడు శ్రీకాకుళం దగ్గర మా అమ్మమ్మ పోయింది. ఆవిడ కెమెరాను చూస్తే కొంగు కప్పేసుకునేది. బతుకంతా అలాగే తప్పించుకుంది. అక్క పెళ్లిలో మాత్రం, వక్క నములుతూ ఎవరి మాటకో నోరంతా తెరిచి నవ్వుతుంటే నా కెమెరాకు దొరికిపోయింది. పెద్దకర్మకు పటం కావాలి. ఆవిడకు మరో ఫొటో లేదు. అమ్మ ఏడుస్తూనే నా వైపు చూసి, "నీ బిళ్లలో ఉంది కదరా మాయమ్మ" అంది.

బిళ్లను ఆఫీసు కంప్యూటర్లో వేశాను. లోపల కాసేపు కిర్రుమని తిరిగి బయటికొచ్చింది. రెండోది వేశాను. అదీ అంతే. గని టౌన్‌షిప్‌లో కంప్యూటర్లు బాగుచేసే అతని దగ్గరకు పరిగెత్తాను. అతను సీడీని వెలుతురుకెత్తి పట్టుకున్నాడు. జల్లెడలోంచి వచ్చినట్టు వెలుతురు అవతలినుంచి చుక్కలు చుక్కలుగా వచ్చింది. వెనకవైపు గుండ్రంగా గీతలు, గ్రామఫోన్ రికార్డులా. దేంతో తోమావని హిందీలో అడిగాడు. గుడ్డ చూపించాను. అతను దాన్ని బల్ల మీద దులిపాడు. ఇనుపకొండ పిడికెడు రాలింది. ఆ గుడ్డలో ఉన్నది గరుకుకాగితానికి పెట్టే సరుకే. నేను తుడిచాననుకున్నాను. తుడిచిపెట్టాను.

అమ్మకు నోటితో చెప్పలేక, జరిగింది ఒక ముక్క చీటీలో రాసిపెట్టి జగదల్‌పూర్ రైలెక్కాను. దారి పొడుగునా బావ నా నియమాలు ఎంత నిష్ఠగా పాటించి ఉంటాడో అని వణుకు. తలుపు తీసిన బావ, "ఏ సీడీరా? సినిమాదేటి?" అన్నాడు. అక్క మంచం కిందనుంచి పెళ్లినాటి సూట్‌కేసు లాగింది. పట్టుబట్టలూ, విప్పని బహుమతులూ, వాటి అడుగున నేను పంపిన కవరు. అంటించింది అంటించినట్టే ఉంది. "ఒరే, నాలుగు ముక్కలు రాస్తే సదువుదును. రెండు పేజీలు రాసినావు. బద్ధకమేసి అలాగే పడీసినాను" అన్నాడు బావ. నేనాయన కాళ్లకు దణ్ణం పెట్టినంత పని చేశాను.

సీడీ తెరుచుకుంది. పెద్దకర్మ నాటికి అమ్మమ్మ పటంలో నవ్వుతూ కూర్చుంది. అమ్మ దగ్గరకొచ్చి, కొంగు తీసి అద్దం తుడవబోయి, నా మొహం చూసి ఆగింది. "నాను తుడవనులేరా" అంది. ఆ మాటకు ఏడ్చానో నవ్వానో ఇప్పటికీ నాకు తెలియదు.

బావకు మాత్రం తెలుసు, నవ్వాలని. అప్పటినుంచి ప్రతి శుభకార్యంలోనూ నా కథే. "మా బామ్మర్దికి ఏటిచ్చినా ఇయ్యండి గాని, సేతికి గుడ్డ మాత్రం ఇయ్యకండి" అనేవాడు. ఆ వెంటనే తన గొప్ప. పెళ్లిలో అందరూ ఏడ్చారట, తాను మాత్రం రాయిలా నిలబడ్డాడట. ఏళ్లపాటు తలొంచుకుని విన్నాను. ఈలోగా ఆ ఫొటోలు సీడీ నుంచి హార్డ్ డిస్కుకు, అది పాతబడితే ఇంకో దానికి మారుతూ వచ్చాయి. ఒక్కో కాపీ ఒక్కో ఊళ్లో. ఏడాదికోసారి అన్నీ తెరిచి చూస్తాను. అలా చూస్తుంటేనే ఒకసారి దొరికింది, నేనే తీసి మరిచిపోయిన ఫొటో.

వాళ్ల ఇరవయ్యో పెళ్లిరోజున, చుట్టాలందరి ముందు, దాన్ని పెద్దగా పటం కట్టించి ఇచ్చాను. అందులో, అప్పగింతలప్పుడు జీపు పక్కన అక్క పొడికళ్లతో నిలబడి ఉంది. పెళ్లికొడుకు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అక్క అతని చేతికి రుమాలు అందిస్తోంది. బావ "హోమం పొగరా" అన్నాడు. జీపు దగ్గర హోమమేమిటని అక్కే అడిగింది. నవ్వులన్నీ అయ్యాక ఆయన నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"ఒరే బామ్మర్దీ, దీనికి ఇంకేటైనా కాపీలున్నాయేటిరా?"

ఆ ప్రశ్న కోసమే నేను అన్నాళ్లు బతికాను. "ఒకటి మా ఇంట్లో ఉంది బావా. ఒకటి అమ్మ దగ్గర. మూడోది వేరే ఊళ్లో. ఏ ఊరో చెప్పను."

బావ భుజం మీది తువ్వాలు తీసి, అద్దం మీద సరిగ్గా తన కళ్ల దగ్గర మెల్లగా తుడవడం మొదలుపెట్టాడు. నేను పక్కనే నిలబడి, ఇంకాస్త గట్టిగా, గుండ్రంగా తుడవమని సలహా ఇచ్చాను.