ఏ తిత్తి తీస్తావు బావా?

నోటితో దేన్నీ ఊదని మనిషిని మీరెక్కడైనా చూశారా? గడియారాల మేస్త్రి చూశాడు. చూడక చస్తాడా, ఆ మనిషి స్వయానా బావమరిది. పైగా ఇద్దరి కొట్టూ ఒకే గది. మధ్యలో నడుమెత్తు చెక్క అడ్డం, అంతే. అటు గడియారాలు, ఇటు తిత్తులు. కొలిమి తిత్తులు, హార్మోనియం తిత్తులు, పాత కెమెరాల మడతల తిత్తులు అన్నీ కుట్టి బాగుచేయడం బావమరిది పని. ఊళ్లో అందరూ అతన్ని తిత్తి అనే పిలిచేవారు. అతనది బిరుదనుకునేవాడు.

జానెడు తోలు తిత్తి ఒకటి ఎప్పుడూ అతని చేతిలో ఉండేది. టీ చల్లార్చాలంటే దానితోనే. చల్లారేది కూడానూ, కాకపోతే సగం టీ ఎదుటివాడి చొక్కా మీద చల్లారేది. తడి సంతకం ఆరాలన్నా, పంచదార డబ్బాలోంచి చీమలు కదలాలన్నా అదే మందు. ఎవరి కంట్లోనైనా నలుసు పడితే ఇక పండగే. "రెప్ప ఎత్తి పట్టుకో" అని ఫుస్సుమనిపించేవాడు. నలుసుతోపాటు నెత్తిమీది టోపీ కూడా పోయేది.

"నీకు నోరెందుకిచ్చాడ్రా దేవుడు?" అని మేస్త్రి చిరాకుపడేవాడు.

"మాట్లాడ్డానికి బావా. నోటి గాలి తడి. నీ గడియారాలు తుప్పుపడతాయి. తిత్తి గాలి పొడి."

ఒకసారి దగ్గు పట్టుకుంటే వాళ్లక్క, అంటే మేస్త్రి భార్య, అతన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఊపిరితిత్తులు చూడాలన్నాడు డాక్టరు. తిత్తి ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"లోపల కూడా తిత్తులేనా? ఎన్నండీ?"

"రెండు."

"ఎవరు కుట్టారోగానీ డాక్టరుగారూ, అరవై ఏళ్లుగా రాత్రీపగలూ ఆడుతున్నాయి, ఒక్క కుట్టు ఊడలేదు!"

డాక్టరుకి నవ్వాగలేదు. మందు చీటీ రెండుసార్లు తప్పు రాసి చించేశాడు.

మేస్త్రి మాత్రం అలా నవ్వే మనిషి కాదు. కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చుంటే పక్కన పిడుగు పడినా తల తిప్పడు. చెయ్యి వణకని మేస్త్రి అని నలభై ఏళ్లుగా బజారంతా చెప్పుకునేది. ఆ మాట ఆయన తలకెక్కింది కూడా. "నా చెయ్యి వణికిన రోజు ఈ కొట్టుకు తాళం వేసేస్తా" అని ఓసారి నలుగురి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. అన్నంత పనీ చేసే రకం. ఆ కొట్టు లేకపోతే ఇంట్లో కూర్చుని గోడ గడియారాన్నే చూస్తూ చిక్కిపోతాడని భార్యకు భయం.

అలాంటి మేస్త్రికి ఏడాదిగా ఒకటే తలనొప్పి. ఆవగింజలో సగం ఉండే స్క్రూని పట్టకారుతో పట్టుకుని సరిగ్గా గాట్లో దించబోతుంటే అది ఎగిరిపోయేది. వెంటనే అడ్డం అవతలినుంచి ఫుస్సుమని గాలి.

"ఒరేయ్! నీ తిత్తి తీస్తా!" అని మేస్త్రి గర్జించేవాడు.

"ఏ తిత్తి తీస్తావు బావా? పెద్దదా, చిన్నదా?"

ఆ తర్వాత తిత్తే బెంచీ కింద దూరి, నేలమీది దుమ్మును గాలికొట్టి చెదరగొట్టి, మెరిసే స్క్రూని వెతికి తెచ్చేవాడు. వచ్చిన వాళ్లంతా తిత్తినే తిట్టేవారు. మేస్త్రి మీద జాలిపడేవారు.

ఒకరోజు తిత్తి ఒక తోలు దిండు కుట్టి తెచ్చాడు. లోపల గాలి, పక్కన చిన్న మూత. "మోచేతికింద పెట్టుకో బావా, మెత్తగా ఉంటుంది."

"నా చెయ్యి రాయిరా. రాయికి దిండెందుకు?" అని మేస్త్రి దాన్ని బెంచీ కిందకి తన్నేశాడు.

ఇంతలో పక్క ఊరి సంగీత పాఠశాలవాళ్లు ఎనిమిది హార్మోనియాల తిత్తులు కుట్టాలని కబురుపెట్టారు. తిత్తి నాలుగు రోజులు వెళ్లాడు. మేస్త్రి ప్రాణానికి హాయిగా ఉంది. ఊళ్లో బడి హెడ్‌మిస్ట్రెస్ గారు వాళ్ల నాన్నగారి జేబు గడియారం ఇచ్చి వెళ్లారు. దాని పని మొదలుపెట్టాడు.

మొదటిరోజే స్క్రూ ఎగిరింది.

"ఒరేయ్, నీ తిత్తి..." అని అడ్డం మీదుగా చూశాడు. అవతల ఖాళీ పీట. ఫ్యాను గాలేమోనని ఫ్యాను ఆపాడు. రెండోరోజు మళ్లీ ఎగిరింది. కిటికీలు మూశాడు. మూడోరోజు తలుపు కూడా బిగించి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. స్క్రూ టప్పున జారింది. అప్పుడు మొదటిసారి తన చెయ్యివంక చూసుకున్నాడు. వేళ్లు సన్నగా ఆడుతున్నాయి.

ఫుస్సుమనే చప్పుడు ఏనాడూ ముందు రాలేదని, స్క్రూ పడ్డాకే వచ్చేదని అప్పుడు తట్టింది.

ఇంటికెళ్లి భార్యని అడిగాడు. ఆవిడ దాచలేదు. "మీ చెయ్యి వణకబట్టి ఏడాదైందండీ. మా తమ్ముడే చెప్పొద్దన్నాడు. బావకి తెలిస్తే తాళం వేసేస్తాడక్కా, ఆ తిట్లేవో నేను తింటాలే అన్నాడు."

మేస్త్రికి అన్నం సహించలేదు. ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత బావమరిది మీద ఎక్కడలేని ప్రేమ పొంగింది.

నాలుగోరోజు తాళం చెవి జేబులో వేసుకునే కొట్టు తీశాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు గడియారం కోసం వచ్చి బెంచీ ముందు కూర్చున్నారు. మిగిలింది ఒకే ఒక్క స్క్రూ. అది బిగిస్తే అయిపోయింది, తర్వాత తాళమే అనుకున్నాడు. పట్టకారు ఎత్తాడు. వేళ్లు ఆడాయి. స్క్రూ జారింది.

ఫుస్స్!

గుమ్మంలో తిత్తి. ఇంకా భుజం మీది సంచి కూడా దించలేదు, బస్సు దిగి పరుగున వచ్చినట్టున్నాడు.

"మీరిక మారరా?" అని హెడ్‌మిస్ట్రెస్ గారు కసిరారు. "పాపం, మేస్త్రిగారి పని చెడగొట్టకపోతే మీకు నిద్ర పట్టదా?"

"తప్పైపోయింది మేడమ్. చెయ్యి ఊరుకోదు" అంటూ తిత్తి అప్పటికే నేలమీద పాకుతున్నాడు.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్, నీ తిత్తి తీస్తా!"

"ఏ తిత్తి తీస్తావు బావా? పెద్దదా, చిన్నదా?"

"నేను కాదు, నువ్వే తియ్యి. ఆ బెంచీ కిందుందే, నువ్వు కుట్టింది. అది."

పాకుతున్నవాడు ఆగిపోయాడు. ఒక్కసారి బావ మొహంలోకి చూశాడు. దిండు దుమ్ము దులిపి, స్క్రూతో సహా పైన పెట్టాడు. మేస్త్రి దాని మీద మోచెయ్యి ఆనించాడు. చెయ్యి నిలిచింది. స్క్రూ గాట్లోకి దిగింది, బిగిసింది, గడియారం టిక్కుమంది. హెడ్‌మిస్ట్రెస్ గారు దాన్ని చెవికి ఆనించుకుని నవ్వుతూ వెళ్లిపోయారు.

అప్పుడు దిండు మూత సడలి, మోచేతికింద నుంచి ఫుస్సుమంది.

తిత్తి రెండు చేతులూ పైకెత్తాడు. "ఒట్టు బావా, ఈసారి నేను కాదు!"

"తెలుసురా" అన్నాడు మేస్త్రి. "ఇన్నాళ్లూ కూడా నువ్వు కాదు."

తాళం చెవి తీసి మేకుకు తగిలించాడు. తిత్తి మొహం అటు తిప్పుకుని, కంట్లో ఏదో నలుసు పడిందంటూ జానెడు తిత్తి అందుకుని తన కంట్లోకే గాలి కొట్టుకున్నాడు. బెంచీ మీదున్న స్క్రూలన్నీ ఎగిరిపోయాయి.