సుద్ద కలిపిన స్టూళ్లు

మా బావకు తెలియని విషయం లేదు, తెలుసుకున్న విషయమూ లేదు. ఊరి చివర రేకుల షెడ్డులో చిత్తు ప్లాస్టిక్ కరిగించి స్టూళ్లు పోసేవాడు. పాల కవర్లు, షాంపూ సీసాలు, పగిలిన బకెట్లు అన్నీ ఒకే మిషన్‌లో కుక్కి, తయారైన స్టూళ్లు పొరలు పొరలుగా ఎందుకు లేచిపోతున్నాయో అర్థంకాక పనివాళ్ల మీద విరుచుకుపడేవాడు.

దారి వెతికింది మా అక్క. కెమికల్స్ అమ్మే ఆయన్ని షెడ్డుకు పిలిపించింది. ఆయన విరిగిన ముక్కను గోటితో గీకి చూశాడు.

"రెండు రకాల ప్లాస్టిక్ ఊరికే కలవదమ్మా, నూనె, నీళ్లలాగ. ఈ గుళికలు కాస్త కలిపితే అవి మధ్యలో ఉండి రెండింటినీ పట్టుకుంటాయి. మళ్లీ మళ్లీ కరిగిస్తే సత్తువ పోతుంది కదా, దానికి ఈ పొడి."

బావ ఆవులించాడు.

కలిపారు. అక్క ఒక స్టూలును మేడ మీంచి పడేస్తే, ఎగిరి పక్కకు దొర్లిందే తప్ప చీలలేదు. మర్నాటికల్లా అది బావ కనిపెట్టిన ఫార్ములా అయిపోయింది. టీకొట్టు దగ్గర కాలు మీద కాలేసుకుని దాని గురించి ఊదరగొట్టేవాడు.

ఏడాది తిరిగేసరికి ఆయనకు కొత్త దిగులు పట్టుకుంది.

"కొన్నవాడు మళ్లీ రావట్లేదే. విరిగితేగా వచ్చేది" అన్నాడు అన్నం కలుపుకుంటూ.

"విరగవని చెప్పేగా అమ్ముతున్నాం" అంది అక్క.

"నీకు వ్యాపారం తెలీదు, ఊరుకో."

అక్క మా ఇంటికి వచ్చిన వారంలో గుళికలు మానేసి సుద్దపొడి దట్టించాడు. ఆ స్టూళ్లు తెల్లగా, బరువుగా, చూడ్డానికి ఘనంగా ఉండేవి, అచ్చం ఆయనలాగే. వంగేవి కావు, పుటుక్కున విరిగేవి.

మొదటిది ఆయన వంటింట్లోనే విరిగింది. వాళ్లమ్మ అటక మీది డబ్బా అందుకోబోయి స్టూలుతో సహా కూలబడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఆవిడ మంచం పక్కనే నిలబడి బావ నాతో అన్నాడు:

"అంచు మీద కాలేసి ఉంటుందిలే. పైగా ఈమధ్య ఒళ్లు చేసింది."

ఆవిడకు వినబడింది. అటు తిరిగి పడుకోవడానికి కూడా వీల్లేక కళ్లు మూసుకుంది. నాకు ఆ మనిషి పక్కన నిలబడడానికే రోత పుట్టింది.

అక్క తిరిగొచ్చి, విరిగిన ముక్కలో సుద్ద చూసి, షెడ్డు తాళాలు తీసుకుంది. సుద్ద స్టూళ్లు అమ్మిన కొట్లన్నీ తిరిగి, దొరికినన్ని వెనక్కి తెచ్చి ముక్కలు చేయించింది. పరువు తీసిందని బావ అలిగి గదిలో కూర్చున్నాడు. అన్నం మీద మాత్రం అలగలేదు.

ఇప్పుడు గుళికలు అక్కే కొలిచి పోస్తోంది. అత్తగారు కర్ర పట్టుకుని నడుస్తోంది, కొడుకు పేరెత్తదు. ఆయన షెడ్డు ముందు నీడలో కూర్చుని, రెండు రకాల ప్లాస్టిక్‌ను తాను ఎలా కలిపాడో వచ్చినవాళ్లకు వివరిస్తుంటాడు. అందులో సగం తప్పే. దిద్దే ఓపిక ఎవరికీ లేదు.