సర్వర్ పట్టించుకోని రెండో పోర్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గద్వాలలో ఒక చేనేత సంఘం ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునేది నేనే కాబట్టి, ఆ కోపం ఎక్కువగా మా పెద్ద గుమాస్తా మీదే పడేది. ఆ ఏడు దసరా సెలవు తర్వాత కూడా ఆయన మీదే పడింది.

పొద్దున వచ్చి చూస్తే ఒక్క కంప్యూటరుకూ సర్వర్ అందడం లేదు. చీరల డిజైన్లూ, నేతగాళ్ల పనికార్డులూ అన్నీ దాంట్లోనే ఉన్నాయి. వెళ్లి చూద్దును కదా, సర్వర్‌కు పసుపూ, కుంకుమా, బంతిపూల దండా! మగ్గాలవాళ్లు ఆయుధపూజకు మగ్గాన్ని పూజిస్తారు. మా గుమాస్తాగారి లెక్కలో ఆఫీసు ఆయుధం సర్వర్. నేను లేనప్పుడు తీగలన్నీ పీకి, తుడిచి, బొట్లు పెట్టి, మళ్లీ తగిలించారు.

"పూజ చేసినం గదమ్మా, మంచిగ నడవాలె మరి" అన్నారు.

"మంత్రాలకు చింతకాయలు రాల్తయా సారూ?" అన్నాను.

నిలదీస్తే అసలు సంగతి చెప్పారు. నెట్‌వర్క్ తీగ లాగేటప్పుడు, అది తగిలించే పోర్టులో పిన్నులు వంగిపోయాయట. పక్కనే అలాంటిదే ఇంకో పోర్టు ఖాళీగా ఉంటే అందులో పెట్టారట. లైటు వెలిగింది కదా అని ఊరుకున్నారట.

అప్పటికే అమరచింత నుంచి ఒకామె బస్సు దిగి వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఇరవై ఏళ్లుగా నూలు కండెలు చుట్టడం, పడుగు పోగులు అతకడం ఆమె పని. చీర నేసే పని మాత్రం భర్త పేరు మీదే వచ్చేది. ఆయన చెయ్యి విరిగాక ఆమే మగ్గం మీద కూర్చుంది. మొదటిసారి ఒక పెళ్లిచీరను ఆమెకివ్వడానికి సంఘం ఒప్పుకుంది. సాయంత్రంలోగా డిజైనూ పనికార్డూ తీసుకుపోకపోతే మర్నాడు ఆ చీర ఇంకో మగ్గానికి పోతుంది. పెళ్లి ఆగదు కదా.

"అక్కా, గీ ఒక్క చీర చెయ్యిజారితే మల్ల నాకు ఎవ్వలిస్తరు?" అంది.

గుమాస్తాగారు హైదరాబాదు మెకానిక్కుకు ఫోన్ చేశారు. ఎల్లుండి వస్తానన్నాడు. "అప్పటిదాంక ముట్టకమ్మా, ఉన్నదిగిట్ట పోతే పరేషాన్ అయితం" అన్నారు నాతో. పూజనాడు లేని భయం ఇవాళ ఎక్కడిదని అడిగాను. సర్వర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

పోర్టుల పరిస్థితి చూపించే ఆదేశం కొట్టాను. రెండో పోర్టు ఎదురుగా 'అన్‌మేనేజ్డ్' అని వచ్చింది. అంటే తీగ బాగానే ఉన్నా, లైటు వెలుగుతున్నా, సర్వర్‌ను నడిపే లైనక్స్‌లో నెట్‌వర్క్ చూసుకునే ప్రోగ్రాం మాత్రం ఆ పోర్టు సంగతి నాకు పట్టదని కూర్చుంది. దానంతటది అలా కూర్చోదు, ఎవరో చెప్పి ఉండాలి. పడుగులో తెగిన పోగును వెతికినట్టు సెట్టింగుల ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచాను. మూడోదాంట్లో దొరికింది. రెండో పోర్టును పట్టించుకోవద్దని ఒకే ఒక్క వరుస.

రాసింది ఎవరో కాదు, నేనే! సర్వర్ కొత్తలో ఆ మెకానిక్కు ఫోన్లో చెబుతుంటే ఎందుకని అడక్కుండా కొట్టాను. అంతసేపు గుమాస్తాగారిని దులిపేసిన నోరు ఈ సంగతి మాత్రం ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసింది మరి.

ఫైలుకు నకలు తీసి పెట్టుకుని ఆ వరుస తీసేశాను. ప్రోగ్రాంను మళ్లీ నడిపించి, మొదటి పోర్టుకున్న అడ్రసే రెండోదానికి ఇచ్చాను. ఈసారి 'కనెక్టెడ్' అని వచ్చింది. పక్కగదిలోంచి "వచ్చింది, వచ్చింది!" అని కేకలు. అబ్బ, ఎంత గర్వంగా అనిపించిందో! మానవపాడు పత్తిచేలల్లో కూలికి పోతూ ఇంటర్ చదివినదాన్ని. హైదరాబాదు మనిషి ఎల్లుండికి వాయిదా వేసిన పనిని అన్నం వేళకు ముగించాను.

అమరచింత నుంచి వచ్చినామె నా వెనకే నిలబడి ఉంది. "ఏమైందక్కా దానికి?"

"తీగె మంచిగున్నది, పోర్టు మంచిగున్నది. దాన్ని లెక్కలకు తీసుకోవద్దని మేమే రాసిపెట్టినం."

ఆమె నవ్వింది. "మా ఇంట్ల నేను గూడ గంతే గదక్కా."

పనికార్డు తెరిచాను. నేసేవారి పేరు దగ్గర ఎప్పటిలాగే ఆమె భర్త పేరుంది. చెరిపేసి ఆమె పేరు కొట్టాను.

"మగ్గం ఆయిన పేర ఉన్నది గదమ్మా?" అని గొణిగారు గుమాస్తాగారు.

"నేసేది ఈమె గద సారూ."

ఆయన డిజైనుతో పాటు కార్డు ప్రింటు తీసి, ముద్ర వేసి ఆమె చేతికిచ్చారు. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. తర్వాత కార్డును నా వైపు తిప్పి, పేరు మీద వేలు పెట్టింది.

"గిది నేనే" అంది.