అసిరయ్య లాస్ట్ పోస్ట్

ముందుపళ్ళు పోయిన రోజునే మా మావయ్య పని అయిపోవాల్సింది. అయిపోలేదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఆయన పేరు అసిరయ్య. పెద్దలది శ్రీకాకుళం వైపు, ఆయన పుట్టింది మాత్రం టాటానగర్ రైల్వే క్వార్టర్లలో. మీసం గట్టిపడకముందే పటాలంలో చేరాడు. బ్యూగిలర్‌గానే చేరి, బ్యూగిలర్‌గానే రిటైరై వచ్చాడు. తుపాకీ కంటే ఇత్తడి గొట్టమే ఎక్కువ మోశానని తనే చెప్పుకుంటాడు. నేను ఆయన కోడలిని, శ్రీదేవిని. అత్తయ్య పోయాక టాటానగర్ కాసిడీహ్‌లోని ఇంట్లో మిగిలింది ఆయనా, నేనూ, ఆదిత్యపూర్‌లో షిఫ్టు డ్యూటీలు చేసే మా ఆయన బాలాజీ. మావయ్య మంచిచెడ్డలు చూసేది నేనే. కాబట్టి ఆయన సంగతి చెప్పే హక్కు కూడా నాకే ఉందనుకుంటాను.

సర్వీసులో ఉండగా ప్రాణం పోతే అన్నీ పటాలమే చూసుకుంటుంది. గన్‌లు తలకిందులుగా పట్టుకుంటారు, జెండా కప్పుతారు, బ్యూగిల్ ఊదుతారు. రిటైరై, షుగరొచ్చి, ఇంట్లో మంచం మీద పోయిన సిపాయికి ఎవరు ఊదుతారు? మా ఊళ్ళో మా మావయ్య ఊదేవాడు. మాజీ సైనికుల సంఘంవాళ్ళు జెండా, పూలచక్రం తెచ్చేవారు. ఈయన బ్లేజరు ఇస్త్రీ చేయించుకుని, మెడల్స్ తగిలించుకుని సువర్ణరేఖ నది ఒడ్డున శ్మశానం ఘాట్‌లో నిలబడేవాడు. వెంట నేనూ వెళ్ళేదాన్ని. ఘాట్‌లో ఆడవాళ్ళకేం పనని అనేవాళ్ళు అనేవారు. ఎండలో ఈయనకి షుగరు పడిపోతే వాళ్ళొచ్చి చూడరు కదా.

పెళ్ళైన కొత్తలో, ఆయన ఘాట్‌లో ఊదే లాస్ట్ పోస్ట్‌ని చావుపాట అన్నానని ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చింది.

“చావుపాటేటమ్మా! తెల్లోళ్ళ కాలం నించీ ఉన్న రాత్రి పిలుపది. చీకటడ్డాక ఆఫీసరు కాపలా పోస్టులన్నీ తిరిగి చూసీవోడు. తిరగడం మొదలెట్టినప్పుడోటి ఊదీవోరు, ఆకరి పోస్టు చూసీసినాక ఇంకోటి. అందరూ ఎవుల చోట ఆలున్నారు, ఇంక పడుకోండని దానర్థం. తర్వాత్తర్వాత సమాధుల కాడ ఊదడం మొదలెట్టినారు. నీ కాపలా అయిపోనాది, పడుకో నాయినా అని.”

“మరి కాసేపు మౌనంగా ఉండి ఇంకోటి ఊదుతారు కదా?”

“ఆ మౌనం రాత్రన్నమాట. తర్వాతది రౌజ్. తెల్లారినాక లేపీ పిలుపు.”

“పోయినోడిని లేపడమేటి మావయ్యా?”

“లేత్తాడని కాదమ్మా. లేపకుండా వొగ్గీకూడదు కదా.”

ఆ మాటన్నాక ఆ పాట మీద నాకు గౌరవం కలిగింది. ఆయన మీద కూడా.

తర్వాత చిగుళ్ళు పాడయ్యాయి. ముందుపళ్ళు తీయించేసి కట్టుడు పళ్ళు పెట్టించాం. బ్యూగిల్‌కి మీటలుండవు, బెజ్జాలుండవు. ఉన్న నాలుగైదు సురాలూ పెదాల బిగువులోంచే రావాలి, ఆ పెదాలకి దన్ను ముందుపళ్ళే. కట్టుడు పళ్ళతో ఊదితే ‘బుస్స్’ మని గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ వారంలోనే ఎవరో హవల్దార్ గారు పోయారు. మావయ్య సంఘం సెక్రటరీకి ఫోన్ చేసి తనవల్ల కాదన్నాడు.

సెక్రటరీ పేరు అశోక్. సుబేదార్ గారి అబ్బాయి, జుగ్సలాయిలో మైకుసెట్ల షాపు. చెడ్డవాడు కాదు, పని ఆగకూడదనుకునే రకం. “అంకుల్, టెన్షన్ మత్ లీజియే,” అన్నాడు. “మీరు నోటికాడ పెట్టుకుని నిలబడండి సాలు. సౌండ్ నేను చూసుకుంటాను. బస్, ఏక్ బార్.”

చిన్న స్పీకర్ ఒకటి పూలచక్రం వెనక పెట్టాడు. ఎవరో పడుచు బ్యూగిలర్ ఊదిన రికార్డింగు అది, ఒక్క సురం జారదు. మావయ్య బ్యూగిల్ పెదాలకి ఆనించుకుని నిలబడ్డాడు. ఈ వయసులో ఏం దమ్మండీ అని జనం మురిసిపోయారు. ఎవరో వీడియో తీసి ఫోన్లలో తిప్పారు. ఇంకేముంది, పోయిన ప్రతి సిపాయి ఇంటివాళ్ళకీ అసిరయ్యగారే కావాలి. ఆ ఒక్కసారి కాస్తా ప్రతిసారీ అయి కూర్చుంది. సంఘంవాళ్ళు పిలిచి శాలువా కూడా కప్పారు. దాన్ని ఆయన బీరువా అడుగున పడేశాడు, మళ్ళీ ముట్టుకోలేదు.

మానేస్తానని అశోక్‌తో ఒకసారి గట్టిగానే అన్నాడు. అశోక్ తాపీగా జవాబు చెప్పాడు. “మానీండి అంకుల్. కానీ ఎందుకని అడుగుతారు కదా. ఇన్నాళ్ళూ ఊదించుకున్న ఇళ్ళోళ్ళకి ఏటి సెప్తారు? మీ నాన్నకి ఊదినాది నేను కాదంటారా?”

ఎవరెవరి ఇళ్ళలోనో ఆ నమ్మకం దండేసిన ఫోటో పక్కన కూర్చుని ఉంది. దాన్ని పీకి పారేసే మొహం మావయ్యకి లేదు. అలాగని దాన్ని మోసే ఓపికా లేదు. ఘాట్ నుంచి వచ్చిన రోజున అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవాడు. నాకు ఒళ్ళు మండేది, ఆయన మీదో అశోక్ మీదో తేల్చుకోలేకపోయేదాన్ని.

ఇది ఇలా ఉండగా మావయ్య స్నేహితుడు నీలకంఠం మావయ్య మంచాన పడ్డాడు. ఇద్దరిదీ ఒకే పటాలం, ఒకే బ్యారక్, ఇప్పుడు పక్క వీధే. ఊపిరితిత్తులు చెడిపోయాయి. రోజూ సాయంత్రం మావయ్య వెళ్ళి మంచం పక్కన కూర్చునేవాడు, రోజూ ఒకటే మాట.

“ఒరే అసిరీ, నాకు నువ్వే ఊదాల. ఇంకెవుడూ వొద్దు.”

“ఊదుతాన్రా. నువ్వు మాత్రం తొందరపడకు.”

ఆ మాట ఇచ్చిన దగ్గర్నుంచి ఆయన సంచిలో బ్యూగిల్ పెట్టుకుని పొద్దున్నే ఖర్కాయి నది ఒడ్డుకి పోవడం మొదలెట్టాడు. ఒకరోజు వెనకాలే వెళ్ళాను. పళ్ళు తీసేసి, కళ్ళు మూసుకుని, చిగుళ్ళ మీదే బిగబట్టి ఊదుతున్నాడు. కింది సురాలు రెండు, అవీ వణుకుతూ వస్తున్నాయి. పైవాటికి వెళ్ళబోతే గాలి చీలిపోతోంది. నన్ను చూసి బ్యూగిల్ దించాడు.

“రెండే వత్తన్నాయమ్మా. లాస్ట్ పోస్ట్ ఈటితో అవదు.”

“నీలకంఠం మావయ్యకి సెప్పీయండి. ఆయనేటి పరాయోడా?”

“ఆడికి సెప్పడానికే నోరు రావట్నేదు.”

చెప్పడానికని వెళ్ళేవాడు, టీ తాగి వచ్చేవాడు. “టీ తాగడానికెల్లారా, సెప్పడానికెల్లారా?” అని గుమ్మంలోనే దులిపేదాన్ని. “రేపు సెప్తానమ్మా,” అనేవాడు. రేపు, రేపు అంటుండగానే నీలకంఠం మావయ్య పోయాడు.

ఘాట్‌లో అశోక్ పూలచక్రం సర్దుతుంటే మావయ్య దాని వైపే చూస్తున్నాడు. బ్యూగిల్ కింద పారేస్తాడేమోనని భయపడ్డాను. పారేసినా బాగుండేది. పెదాలకి ఆనించుకున్నాడు. లాస్ట్ పోస్ట్ వచ్చింది, మౌనం అయింది, రౌజ్ వచ్చింది. అన్నీ చక్కగా వచ్చాయి, ఆయన కళ్ళలో నీళ్ళు కూడా. స్నేహితుడి కోసం అనుకున్నారు అందరూ. చితి అంటుకున్నాక ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాను.

కర్మలన్నీ అయ్యాక నీలకంఠం భార్య రమాదేవి అత్త మా ఇద్దర్నీ పిలిచింది. ఆమె ఘాట్‌కి రాలేదు. మావయ్యని కూర్చోబెట్టి, తను గోడకి ఆనుకుని నిలబడింది.

“అన్నయ్యా, ఆయనకి తెలుసు,” అంది.

“ఏటమ్మా?”

“మీరు ఊదట్నేదని. ఆ హవల్దార్ గారి కాడే కనిపెట్టీసినారు. ఊదినోడి ఊపిరి తడి లోపల నిలుస్తాది కదా, అయిపోగానే బ్యూగిల్ ఒంపి ఆ నీళ్ళు దులపాల కదా. మీరు దులపనేదంట. ఇంటికొచ్చి ‘ఆడికి పళ్ళతో పాటు బతుకే పోయిందే’ అని ఏడిసినారు.”

“మరెందుకు రోజూ నన్నే ఊదమన్నాడు?” అన్నాడు మావయ్య.

“అలగడిగితేనన్నా మీరు బయటపడతారని. మీరు సెప్పిన రోజున ఈ మంచం కాడే ఊదించుకుందారని. రెండు సురాలొచ్చినా సాలు, బతికుండగానే ఇనీసి పోతానన్నారు. నేను సెప్పీనా అంటే వొద్దనీవోరు. ‘ఆడంతట ఆడు సెప్పాల, నేనడిగితే ఆడికి సిన్నతనం’ అనీవోరు. మీకోసం రోజూ మజ్జానం నించీ కాసుకుని ఉండీవోరు.”

మావయ్య భోరుమన్నాడు. మా అత్తయ్య పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవడం నేను చూడలేదు. నాకు జాలి కంటే కోపమే ముందొచ్చింది. ఒకాయన అడగడు, ఒకాయన చెప్పడు, మధ్యలో టీ ఒకటి. ఇంటికి వచ్చాక ఆ కోపం కూడా పోయింది, ఏడుపే మిగిలింది.

మళ్ళీ అశోక్ ఫోన్ చేసింది ఆదిత్యపూర్‌లో, నాయక్ ర్యాంకులో రిటైరైన బంగారురాజుగారు పోయినప్పుడు. “వత్తన్నానని సెప్పమ్మా,” అన్నాడు మావయ్య. ఆయన మొహం చూస్తే ఏదో నిశ్చయించుకున్నాడని తెలిసిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి ఈయన ఈ ఉచ్చులోంచి బయటపడతాడనుకున్నాను.

ఘాట్‌లో అందరూ వరసలో నిలబడ్డాక మావయ్య ఒక అడుగు ముందుకేశాడు. కట్టుడు పళ్ళు తీసి రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పళ్ళు లేని నోటితో, అందరికీ వినబడేలా చెప్పాడు.

“నాను ఊదట్నేదండి. చాన్నాళ్ళయ్యింది. ఆ పూల ఎనక మిషనుంది, అదే ఊదుతాది. నా నోట రెండు సురాలే వత్తాయి, అవీ సక్కగా రావు. మీరు ఊఁ అంటే అవే ఊదుతాను. బంగారురాజుకి అబద్ధం ఊదలేనండి.”

అశోక్ తల వంచుకున్నాడు. జనంలో గుసగుస మొదలైంది. బంగారురాజుగారి కూతురు వెన్నెల చేతిలో ఫోన్‌తో ముందుకొచ్చింది. ఫోన్‌లో ఆమె అన్నయ్య, యూనిఫాంలో, సెలవు దొరక్క ఎక్కడో మంచు కొండల్లో నిలబడి చూస్తున్నాడు. ఆమెకి కోపం రాలేదు. వంగి మావయ్య కాళ్ళకి దణ్ణం పెట్టింది.

“అంకుల్, ప్లీజ్. భయ్యా దేఖ్ రహా హై. ఆయన పూరా లాస్ట్ పోస్ట్ వినాలి కదా. మెషిన్ వాలా హీ బజా దీజియే. ఆప్ బస్ ఖడే రహియే.”

మిషనుదే మోగించండి, మీరు ఊరికే నిలబడితే చాలని, కోపం తెచ్చుకోడానికి కూడా వీల్లేనంత మర్యాదగా అడిగింది. మావయ్య నా వైపు చూశాడు. చెప్పేశాక కూడా విడుదల లేదు మరి, నేను మాత్రం ఏం చెయ్యను? ఫోన్‌లో కుర్రాడు సెల్యూట్‌లో నిలబడి ఎదురుచూస్తున్నాడు. మావయ్య ఆ అమ్మాయి తల మీద చెయ్యి వేసి, వెనక్కి వెళ్ళి తన చోట నిలబడ్డాడు. పళ్ళు మళ్ళీ పెట్టుకోలేదు. బ్యూగిల్ ఎత్తాడు.

అశోక్ స్పీకర్ బటన్ నొక్కాడు. లాస్ట్ పోస్ట్ ఘాట్ అంతా మోగింది. తర్వాత మౌనం. తర్వాత రౌజ్. అది మోగుతుండగా మావయ్య కింది పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం దిగింది, అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు, ఆయన ఊదుతున్నాడని. పక్కనే ఉన్నాను, చెవులు రిక్కించాను. స్పీకర్ మోత తప్ప నాకేమీ వినబడలేదు.