చెవి వెనక చిక్కుడు గింజ

మా వీధిలో కూరగాయలమ్మే అతను ఈ మధ్య అరవడం మానేశాడు. బండికి చిన్న మైకు కట్టి, తన గొంతునే అందులో రికార్డు చేసి పెట్టుకున్నాడు. టమాట, వంకాయ, బెండకాయ అని మైకు ఊపిరి తీసుకోకుండా అరుస్తుంటుంది. అతను పక్కనే నోరు మూసుకుని నడుస్తుంటాడు. బండిలో బెండకాయ లేని రోజు కూడా మైకు బెండకాయ అంటుంది. అడిగితే, "అది అట్లనే అంటది సార్, పట్టించుకోకుండ్రి" అన్నాడు. ఆదివారం నిద్ర చెడగొట్టడం తప్ప ఆ మైకు నాకు చేసిన అపకారం ఏమీ లేదు. అయినా నాకది నచ్చదు. ఒక మిషన్ పని చేస్తుంటే చుట్టూ ఉన్న మనుషులు నోళ్లు మూసుకోవడం మా ఇంట్లో ఒకసారి చూశాను. జీవితానికి అది చాలు.

మా ఇల్లు వనపర్తిలో. నాయిన బస్సు కండక్టర్. ఒకరోజు గద్వాల, ఒకరోజు నాగర్‌కర్నూల్. టికెట్లు కొట్టడం ఆయన ఉద్యోగం, కొత్త వస్తువులు కొనడం ఆయన జబ్బు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ జబ్బుకు మందు లేకుండా పోయింది. ప్రతి బస్టాండు ముందూ ఎవరో ఒకరు దుప్పటి పరిచి, అంతకుముందు ఎవరూ చూడని వస్తువొకటి అమ్ముతుండేవారు. దోమల్ని కొట్టే కరెంటు బ్యాటు మా గల్లీలో మొదట మా ఇంటికే వచ్చింది. దోమలకన్నా నేనే దానికి ఎక్కువసార్లు దొరికాను. టార్చిలైటూ రేడియో కలిసిన డబ్బా వచ్చింది. లైటు వేస్తే పాట ఆగేది. చప్పట్లు కొడితే ఈల వేసి ఎక్కడున్నానో చెప్పే తాళంచెవుల గుత్తి వచ్చింది. అది చప్పట్లకు ఎన్నడూ పలకలేదు. అమ్మ జొన్నరొట్టె తట్టినప్పుడల్లా మాత్రం ఎక్కడో ఒకచోట నుంచి ఈల వేసేది. ఈ సామానంతటికీ కలిపి అమ్మ ఒకటే పేరు పెట్టింది: "మీ నాయిన రెండో సంసారం."

నాయినను కన్న తల్లిని మేం అవ్వ అనేవాళ్లం. వయసంతా పల్లికాయల మిల్లులో, కాయ ఒలిచే మిషన్ పక్కన గడిపింది. చివరికి ఆ మిషన్ ఆమె చెవుల్ని తన దగ్గరే ఉంచుకుని, మనిషిని ఇంటికి పంపింది. నాకు బుద్ధి తెలిసేనాటికే ఆమెకు డప్పు కూడా వినబడదు. ఆమెకు మేం చెప్పే మాటలన్నీ చేతులతోనే. దానివల్ల మా ఇంట్లో ఒక అలవాటు పడింది: అవ్వ ముందు ఏదైనా, ఎంత గట్టిగా అయినా మాట్లాడొచ్చు. అమ్మ ఆమెకు అన్నం పెడుతూ, ముఖమంతా నవ్వు చేసుకుని, "తిను తిను, నా పానం తిన్నది సాలలే నీకు" అనేది. అవ్వ ఆ నవ్వు చూసి, "నా కోడలు బంగారం" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. అంత సఖ్యంగా ఉన్న అత్తాకోడళ్లను నేను తర్వాత ఎక్కడా చూడలేదు.

నాయినకు ఒక్కడే తమ్ముడు, మా చిన్నాయిన. పెళ్లి చేసుకోలేదు. పుణెలో బిల్డింగుల పనికి పోయి, ఏటా పీర్ల పండుగకు వచ్చేవాడు. వచ్చిన క్షణం నుంచి అవ్వ పక్కన కూర్చుని మాట్లాడేవాడు. పని గురించి, మేస్త్రీ గురించి, అక్కడి వాన గురించి. ఆమెకు వినబడదని ఎవరైనా గుర్తుచేస్తే, "నాకు ఇనబడ్తది గద" అనేవాడు. అవ్వ అతని పెదవులు చూస్తూ సరైన చోట నవ్వేది. ఎట్లా నవ్వేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక ఎండాకాలం అతను గోడకు కట్టిన కర్రల మీది నుంచి జారిపడి చనిపోయాడు.

వార్త వచ్చేసరికి అవ్వ ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుకుని ఉంది. శుక్లం తీసి వారం కూడా కాలేదు. దవాఖానలో చెప్పి పంపిన జాగ్రత్తలు చాలా ఉన్నాయి: వంగొద్దు, పొయ్యి ముందు కూర్చోవద్దు, కంట్లో నీళ్లు పడొద్దు, అన్నిటికన్నా ముఖ్యం, ఏడవొద్దు. నాయిన ఒక్కడే పుణె పోయి, అక్కడే దహనం చేసి, అస్థికలు తెచ్చి బీచుపల్లి దగ్గర కృష్ణలో కలిపి, గుండుతో ఇంటికొచ్చాడు. అవ్వ మిగిలిన కంటితో ఆ గుండును చూసింది. ఏందని చేత్తో అడిగింది. నాయిన తన తల చూపించాడు, ఆమె కన్ను చూపించాడు, పైకి దండం పెట్టాడు. నీ కన్ను మంచిగ కావాలని మొక్కుకున్నా అని. అవ్వ ఆ గుండును రెండు చేతులతో నిమిరింది. "నా కన్ను కోసరమా! నా తండ్రీ!" అని ముద్దు పెట్టుకుంది. నాయిన పెరట్లోకి పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

కన్ను మానాక చెబుదాం అనుకున్నాం. కన్ను మానింది. అవ్వకు ఇంకో కన్ను ఉందని అప్పుడు గుర్తొచ్చింది. దానికీ ఆపరేషన్ రాశారు. అదీ మానింది. ఈలోపు చుట్టాల్లో పెళ్లి పడింది, పెళ్లి ముందు ఇంట్లో ఏడుపెట్ల అన్నారు. తర్వాత అవ్వకు జ్వరం వచ్చింది. చెప్పడానికి మంచిరోజు వెతుకుతూ ఉన్నాం. అటువంటి రోజును పంచాంగం రాసేవాళ్లు ఎందుకో పెట్టరు.

చెవుల్లేని మనిషితో అబద్ధం కష్టం కాదు. నాయిన సెల్‌ఫోన్‌కు ఎవరు చేసినా, ఆమె ముందు నిలబడి మాట్లాడి, తర్వాత అరచేతిని నడుమెత్తులో పెట్టి చూపేవాడు. చిన్నోడు అని గుర్తు. చిన్నాయిన నాయినకన్నా జానెడు పొడుగు, అయినా గుర్తు అదే. "మంచిగున్నడా?" అనేది అవ్వ. నాయిన తలూపేవాడు. "పీర్లకు ఎందుకు రాలె?" పని అన్నట్టు నాయిన చేతులు తిప్పేవాడు. "పోనీ, పని దొరికింది గద" అని ఆమె తమలపాకు నములుకునేది.

ఆ మరుసటి చలికాలం నాయిన నాగర్‌కర్నూల్‌లో ఎగ్జిబిషన్ టెంటు నుంచి ఒక చిన్న డబ్బా తెచ్చాడు. డబ్బా మీద చెవి బొమ్మ. చెవిటి మిషన్ అంటే అప్పటిదాకా మాకు తెలిసింది జేబులో పెట్టె, దాన్నుంచి చెవికి వైరు. ఇది అట్లా కాదు. నానబెట్టిన చిక్కుడు గింజంత ఉంది, చెవి వెనక తగిలిస్తే కనబడదు. నాయిన మొహం వెలిగిపోతోంది.

"మా అమ్మకు చెవులు తెచ్చిన" అన్నాడు.

అమ్మ పీట మీది నుంచి లేవకుండానే అడిగింది. "ఇగ అన్నీ ఇంటది గద?"

నాయిన నవ్వు అట్లాగే ఉంది, దాని వెనక మనిషి లేడు. ఆయన అది ఆలోచించలేదు. తల్లికి వినబడాలన్నది ఒక్కటే ఆలోచించాడు. డబ్బా వెనక్కి బ్యాగులో పెట్టబోయాడు గానీ, అవ్వ అప్పటికే ఆ బొమ్మను చూసింది. కొత్తగా వచ్చిన కళ్లు కదా, దూరం నుంచే చూసింది. చిన్నపిల్లలాగా తల పక్కకు వంచి చెవి అప్పగించింది.

మిషన్ కుయ్యిమని కూసింది. అవ్వ ఉలిక్కిపడి గోడ వైపు చూసింది.

"టక్కు టక్కుమంటుంది, ఏందిరా గది?"

"గడియారం, అవ్వా" అన్నాను.

"గింత లొల్లి చేస్తదా? మీరెట్ల పండుకుంటుండ్రు?" అని, ఆగి, నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గిట్లుంటదా నీ గొంతు? అచ్చం చిన్నోని లెక్కనే ఉంది." నాయిన వైపు తిరిగింది. "ఇగ వానికి ఫోన్ కలుపు. వాని మాట ఇనక ఎన్నేండ్లాయెనో."

"పని మీద ఉంటడమ్మా. ఆదివారం చేస్తడు" అన్నాడు నాయిన.

ఆ ఆదివారం దాకా మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఏ మాట ఏ మాటకు దారి తీస్తుందోనని భయం. వినబడని మనిషి ముందు గొంతులు చించుకున్నవాళ్లం, వినబడే మనిషి ముందు చేతులు తిప్పుకుంటూ తిరిగాం. ఎవరైనా గడపలోకి వస్తే అమ్మ ఎదురుపోయి, నోటి మీద వేలు పెట్టి, అట్నుంచి అటే పంపించేది. అన్నం పెట్టేటప్పుడు తిట్టడం మానేసింది, దాంతోపాటు నవ్వడమూ పోయింది. "కోపమొచ్చిందా కోడలా?" అని అవ్వ అడిగితే తల అడ్డంగా ఊపింది. చివరికి అవ్వ నన్ను పిలిచి ఫిర్యాదు చేసింది.

"ఈ మిషిన్ల కోళ్లు ఇనబడ్తున్నయి. బస్సు హారను ఇనబడ్తుంది. పక్కింటోళ్ల కొట్లాటయితే మొత్తం ఇనబడ్తుంది, జర మంచిగనే ఉంది. మనింటోళ్లే ఇనబడ్తలేరు. మీ నాయినకు చెప్పు, ఇది వాపస్ ఇచ్చి వేరేది తెమ్మను."

ఆదివారం మధ్యాహ్నం నాయిన నన్ను బయటికి తీసుకుపోయాడు. చెప్పుతో మట్టి గీకాడు.

"నీ గొంతు వాని లెక్కనే ఉందన్నది గద" అన్నాడు. "ఎస్టీడీ బూతుకు పొయ్యి ఫోన్ చెయ్యి. మంచిగున్న అను, పనుంది అను. అంతే. ఈ ఒక్కసారి ఇననీ, తర్వాత నేనే చెప్త."

కాలేజీలో నేను మిమిక్రీ చేసేవాణ్ని. ప్రిన్సిపాల్ గొంతు చేసి ప్రిన్సిపాల్ చేతనే చప్పట్లు కొట్టించుకున్నవాణ్ని. రెండు మాటల పాత్ర ఏం లెక్క అనుకున్నాను. బస్టాండు పక్కన ఎస్టీడీ బూతులో అద్దం తలుపు మూసుకుని, చిన్నాయిన గొంతుతో "అమ్మా, మంచిగున్న" అని ఒకసారి అన్నాను. బాగా వచ్చింది. అంత బాగా వస్తుందనుకోలేదు. నంబరు నొక్కాను.

నాయిన ఎత్తి, "హా తమ్మీ" అన్నాడు. ఆ మాట ఆయన నోట విని చాన్నాళ్లయింది. తర్వాత ఫోను చేయి మారిన చప్పుడు.

"బిడ్డా" అంది అవ్వ. "నాకు ఇనబడ్తుందిరా. మీ అన్న మిషిన్ తెచ్చిండు. గడియారం గూడ ఇనబడ్తుంది. మాట్లాడు."

నోరు తెరిచాను.

"తిన్నవా? వొండుకుంటున్నవా, హోటల్ల తింటున్నవా? పీర్లకు రాకున్నా మంచిదేలే, పని ఇడిసిపెట్టి రాకు. పైకి ఎక్కేటప్పుడు జర పైలం బిడ్డా. చెప్పులిడిసి ఎక్కు, చెప్పులు జారుతయి." ఆగింది. "మాట్లాడు, చిన్నోడా. నాకు చెవులొచ్చినయి."

బూతు అద్దంలో నా మొహం కనబడుతోంది, తెరిచిన నోరుతో. లోపల ఉక్కగా ఉంది. నా ఊపిరి నాకే వినబడుతోంది. ఆమె ఎదురుచూస్తోంది, తొందరేమీ లేనట్టు. అవతల ఎక్కడో కోడి కూసింది. కాసేపటికి నాయిన గొంతు, "లైను కట్టయినట్టుందమ్మా" అంది. ఫోను పెట్టేసిన చప్పుడు వచ్చాక కూడా నేను చెవి దగ్గర నుంచి తీయలేదు. బయట ఎవరో అద్దం మీద తట్టారు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. మిషన్ చెవికి లేదు, పిడికిట్లో ఉంది. పిడికిట్లో పెడితే అది ఊరుకోదు, సన్నగా కూస్తూనే ఉంటుంది. ఆ కూత ఆమెకు తప్ప మా అందరికీ వినబడుతోంది. అమ్మ వంటింటి గడపలో నిలబడింది. నాయిన ఫోను చూపించి చేతులు తిప్పుతున్నాడు: లైను బాగలేదు, సాయంత్రం మళ్లీ చేస్తాడు.

అవ్వ ఆ చేతుల్ని చూసింది. తర్వాత ఆయన తల చూసింది. జుట్టు ఎప్పుడో పెరిగింది, నూనె పెట్టి పాపిడి తీసి ఉంది.

"మిషిన్ మంచిగనే ఉంది" అంది. "ఊపిరి గూడ ఇనబడ్డది అండ్ల. నాకు చెవుల్లేనప్పుడే వాడు నోరు మూసుకొని కూసోలే. చెవులొచ్చినయంటే ఊకుంటడా?"

నాయిన చేతులు గాలిలో ఆగిపోయాయి.

"ఆ గుండు నా కన్నుకు కాదు గద" అంది అవ్వ.