సరోజ పేజీలకు పోయిన నా లింకులు

2001 జూన్ 14, గురువారం, ఉదయం పదిన్నర. వేలూరులో ఒక బ్రౌజింగ్ సెంటర్‌లో టోకు వ్యాపారికి నా లుంగీల వెబ్‌సైటు చూపించబోతున్నాను. గుడియాత్తంలో నా తోడికోడలు సరోజ అంతకుముందే తన లుంగీలకు సైటు పెట్టుకుంది. అందరూ ఆమెను మెచ్చుకుంటుంటే నాకు అన్నం సయించలేదు. "సరోజది ఎట్లుండాదో అట్లే చెయ్యి, ఒక్క బొమ్మ కూడా తగ్గకూడదు" అని ఆమె సైటు చేసినవాడికే చెప్పాను.

మొదటి పేజీ వచ్చింది. అందులోని పన్నెండు బొమ్మలనూ వరసగా నొక్కాను. ఒక్కటీ తెరుచుకోలేదు. సెంటర్ యజమాని బ్రౌజర్ మూసి తెరిచాడు, ఇంకో కంప్యూటర్‌లోనూ చూశాడు. చివరికి లింకుల అడ్రసులు చదివాడు.

"అమ్మా, ఇవన్నీ సరోజమ్మ సైటులోని పాత పేజీలకు పోతాండాయి. ఆమె వాటిని తీసేసినట్టుండాది."

"మరి మీ సరుకు యాడుండాదమ్మా?" అని వ్యాపారి నవ్వాడు. "ఆ సరోజమ్మదే తెరువు నాయనా, చూస్తాం."

ఆమె లింకులన్నీ తెరుచుకున్నాయి. పదకొండు నలభైకి ఆర్డరు ఆమెకు పోయింది.

అట్లే చెయ్యమన్నది నేనే. అయినా తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పోయినవి ఇవి: రెండు వందల లుంగీల ఆర్డరు, ఆ వ్యాపారి, ఆ రోజు నుంచి సరోజతో మాటల్లేకుండా గడిచిన ఇరవై రెండేళ్లు.